ఫోన్ గీత మీదే ఉంది, బండి పొలంలో ఉంది: ఆఫ్‌రోడ్ ట్రిప్‌లో మన గ్యాడ్జెట్లని ఎంతవరకు నమ్మొచ్చు?

ఆదివారం పొద్దున పదకొండు గంటలు. నా జిమ్నీ ముందు చక్రాలు రెండూ నల్లరేగడిలో సగం దాకా దిగిపోయాయి. డాష్‌బోర్డ్ మీద ఫోన్‌లో నీలం బాణం మాత్రం సరిగ్గా గీత మీదే ఉంది. యాప్ లెక్క ప్రకారం నేను కరెక్ట్ రూట్‌లో ఉన్నా. డోర్ తీసి కిందికి చూస్తే టైర్ల కింద నలిగిపోయిన కంది మొక్కలు.

మనం రోజూ ఫోన్లని బెంచ్‌మార్క్ స్కోర్లతో, కెమెరా శాంపిల్స్‌తో పోల్చుకుంటాం. సిగ్నల్ లేని చోట, బురదలో, ఎండలో అవే గ్యాడ్జెట్లు ఎలా పనిచేస్తాయో చూద్దామనే మా క్లబ్ వీకెండ్ ట్రయల్‌ని ఈ ఆర్టికల్ కోసం వాడుకున్నా. ఇది బ్రాండ్ల రివ్యూ కాదు కాబట్టి నా ఫోన్, ఇన్‌ఫ్లేటర్ పేర్లు రాయట్లేదు. ఏ కంపెనీవి అయినా దాదాపు ఇలాగే ఉంటాయి. ఆ ట్రిప్‌లో ఫెయిలైంది కూడా గ్యాడ్జెట్ కాదు, నేను.

ఎక్కడికి వెళ్లాం?

పొద్దున ఐదున్నరకి అప్పా జంక్షన్ దగ్గర కలిశాం. రెండు థార్‌లు, రెండు జిమ్నీలు, ఒక గూర్ఖా, ఒక పాత జిప్సీ, మొత్తం ఆరు బండ్లు. చేవెళ్ల రోడ్డు మీద ఆ పెద్ద మర్రిచెట్ల మధ్య నుంచి మన్నెగూడ, అక్కడి నుంచి వికారాబాద్. టిఫిన్ చేసి తాండూరు వైపు తిరిగాం.

అనంతగిరి చుట్టూ చాలా భాగం రిజర్వ్ ఫారెస్ట్. పర్మిషన్ లేకుండా అందులో బండి దింపడానికి లేదు, మేం దింపలేదు కూడా. మా ప్లాన్ అంతా ఊళ్ల మధ్య బండ్ల బాటలు, రాళ్ల గుట్ట పక్క దారి, ఒక వాగు. ఏ ఊరో కావాలనే రాయట్లేదు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

క్లబ్ రూల్స్ సింపుల్. ముందు ఒక లీడ్ బండి, చివర ఒక స్వీప్ బండి. మీ వెనక బండి అద్దంలో కనిపించకపోతే ఆగాలి. మా ట్రయల్ లీడ్‌ని అందరం అన్నా అనే పిలుస్తాం. పదేళ్లుగా బండి తోలుతున్న మనిషి. ఈసారి ఆయన స్వీప్‌లో కూర్చుని, "సాఫ్ట్‌వేర్ తమ్ముడు కదా, ఇవాళ నావిగేషన్ నువ్వు చూస్కో" అన్నాడు. అలా ముందు బండి నాది అయింది.

జీపీఎస్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు, మ్యాప్‌కి కావాలి

చాలామందికి ఇక్కడ కన్ఫ్యూజన్ ఉంది. జీపీఎస్ అంటే మన ఫోన్ కేవలం రిసీవర్. దాదాపు 20,200 కి.మీ. ఎత్తులో తిరిగే శాటిలైట్ల నుంచి టైమ్ సిగ్నల్ తీసుకుని తన పొజిషన్ తనే లెక్క కట్టుకుంటుంది. దీనికి సిమ్ కూడా అక్కర్లేదు. కాకపోతే నెట్ ఉంటే శాటిలైట్ల వివరాలు ముందే డౌన్‌లోడ్ అవుతాయి, పొజిషన్ వెంటనే దొరుకుతుంది. నెట్ లేకపోతే ఆ డేటా శాటిలైట్ నుంచే మెల్లగా రావాలి. అందుకే అర నిమిషం నుంచి కొన్ని నిమిషాల దాకా పడుతుంది.

ఇంటర్నెట్ కావాల్సింది బ్యాక్‌గ్రౌండ్‌లో కనిపించే మ్యాప్‌కి. అందుకే ముందు రోజు రాత్రి వైఫైలో రెండు పనులు చేశా. గూగుల్ మ్యాప్స్‌లో ఆ ఏరియాని ఆఫ్‌లైన్‌గా సేవ్ చేశా. ఓస్మ్‌అండ్‌లో తెలంగాణ మ్యాప్ దించుకున్నా. ఇది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా వాడుతుంది. గూగుల్‌లో కనిపించని మట్టిదారులు ఇందులో కొన్ని ఉంటాయి.

మూడో పని కూడా ఒకటి చేశా. ట్రయల్స్ షేర్ చేసుకునే ఒక యాప్‌లో ఈ ఏరియాకి వెతికితే ఎవరో అప్‌లోడ్ చేసిన 31 కి.మీ. రూట్ దొరికింది. ఐదు స్టార్ల రేటింగ్. జీపీఎక్స్ ఫైల్ దించి ఓస్మ్‌అండ్‌లో వేసుకున్నా. మ్యాప్ మీద ఎర్ర గీత వచ్చింది. ఫైల్ లోపల ఏముందో అప్పుడు చూడలేదు.

నా ఫోన్‌లో డ్యుయల్ ఫ్రీక్వెన్సీ జీఎన్‌ఎస్‌ఎస్ ఉంది. అంటే ఎల్1తో పాటు ఎల్5 సిగ్నల్ కూడా అందుకుంటుంది. 2018లో షావోమీ ఎంఐ 8తో మొదలైన ఫీచర్ ఇది, ఇప్పుడు మిడ్‌రేంజ్ ఫోన్లలో కూడా వస్తోంది. గుట్టలు, చెట్ల మధ్య సిగ్నల్ తగిలి వెనక్కొచ్చే చోట్ల దీని తేడా తెలుస్తుంది. జీపీఎస్‌టెస్ట్ యాప్‌లో చూస్తే ఓపెన్ ప్లేస్‌లో యాక్యురసీ 3, 4 మీటర్లు చూపించింది. ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి.

టైర్లలో గాలి, చేతిలో ఇన్‌ఫ్లేటర్

తారు రోడ్డు వదిలే ముందు అందరం టైర్లు 18 పీఎస్ఐకి దించాం. గాలి తగ్గితే టైర్ నేలని తాకే భాగం పొడవుగా సాగుతుంది, బరువు ఎక్కువ చోట పరుచుకుంటుంది, గ్రిప్ పెరుగుతుంది. మరీ తగ్గిస్తే టైర్ రిమ్ నుంచి ఊడే రిస్క్ ఉంది. ఆ ప్రెజర్‌తో తారు రోడ్డు మీద స్పీడ్‌గా వెళ్లడం అస్సలు కుదరదు. అంటే సాయంత్రం నాలుగు టైర్లకీ మళ్లీ గాలి కొట్టుకోవాల్సిందే.

ఇక్కడ నా కార్డ్‌లెస్ ఇన్‌ఫ్లేటర్ సంగతి బయటపడింది. పంక్చర్ షాప్ దాకా వెళ్లడానికి ఒక టైర్ నింపుకోవాలంటే సూపర్. కానీ నాలుగు టైర్లు వరసగా అంటే రెండోది అయ్యేసరికి ముట్టుకోలేనంత వేడెక్కింది, మూడో దాని మధ్యలో బ్యాటరీ అయిపోయింది. మిగతాది గూర్ఖాలో ఉన్న, బండి బ్యాటరీకి నేరుగా క్లిప్పులు పెట్టే కంప్రెసర్‌తో కానిచ్చాం. 12 వోల్ట్ సాకెట్‌కి పెట్టేది కొనాలనుకుంటే ముందు మీ సాకెట్ ఫ్యూజ్ ఎన్ని యాంప్‌లో చూసుకోండి. 150 వాట్ల కంప్రెసర్ అంటేనే 12.5 యాంప్‌లు లాగుతుంది, 15 యాంప్ ఫ్యూజ్ ఉంటే దాదాపు అంచు మీద ఉన్నట్టే.

వాకీటాకీ: బాక్స్ మీద రాసింది వేరు

మట్టిదారిలోకి దిగిన పావుగంటకే నా సిమ్‌కి సిగ్నల్ పోయింది. ఇక బండ్ల మధ్య మాటలన్నీ వాకీటాకీలోనే. మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో తక్కువ పవర్ హ్యాండ్‌సెట్లు లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవన్నీ ఈ బ్యాండ్‌లోవి కావు. 2025లో వినియోగదారుల రక్షణ అథారిటీ వీటి ఆన్‌లైన్ అమ్మకాల మీద ప్రత్యేకంగా గైడ్‌లైన్స్ కూడా తెచ్చింది. కొనేముందు ఫ్రీక్వెన్సీ, ఈటీఏ సర్టిఫికేషన్ చూడండి.

రేంజ్ విషయానికొస్తే, బాక్స్ మీద కిలోమీటర్లలో రాస్తారు. కారు లోపల కూర్చుని, మధ్యలో ఒక గుట్ట ఉంటే మాకు 700, 800 మీటర్ల తర్వాత మాట తెగిపోయింది. కాన్వాయ్‌కి అది చాలు.

శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది కదా అనుకునే ఐఫోన్ యూజర్లకి ఒక మాట. ఐఫోన్ 14 నుంచి వస్తున్న ఆ ఫీచర్ మన దేశంలో అందుబాటులో లేదు. విదేశాల నుంచి తెప్పించిన శాటిలైట్ ఫోన్, కమ్యూనికేటర్ లాంటివి పర్మిషన్ లేకుండా వాడితే కేసు అవుతుంది.

ఎండలో స్క్రీన్ చీకటి

పది దాటేసరికి ఎండ. ఫోన్ గ్లాస్‌కి ఆనుకుని మౌంట్ మీద ఉంది, ఛార్జింగ్ అవుతోంది, నావిగేషన్ నడుస్తోంది, స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్. దాంతో ఫోన్ వేడెక్కి బ్రైట్‌నెస్ తనే తగ్గించేసుకుంది, ఛార్జింగ్ ఆపేసింది. ఇది లోపం కాదు, బ్యాటరీని కాపాడుకోవడం. ఐఫోన్లని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడమని యాపిలే చెబుతుంది. గ్లాస్ వెనక డాష్‌బోర్డ్ మీద దానికంటే చాలా ఎక్కువే ఉంటుంది. మౌంట్‌ని ఏసీ వెంట్ ముందుకి మార్చాక పది నిమిషాల్లో సర్దుకుంది.

బైక్ రైడర్లకి ఇంకో జాగ్రత్త. పెద్ద ఇంజన్ బైక్ హ్యాండిల్‌కి ఫోన్ నేరుగా బిగిస్తే ఆ వైబ్రేషన్‌కి కెమెరాలో ఓఐఎస్ పాడయ్యే అవకాశం ఉందని యాపిల్ 2021లోనే హెచ్చరించింది. డ్యాంపర్ ఉన్న మౌంట్ వాడండి, లేదా జేబులో పెట్టుకోండి.

గీత పొలంలోకి వెళ్లింది

ఇక అసలు విషయం. పద్దెనిమిదో కిలోమీటర్ దగ్గర బండ్ల బాట ఎడమకి వంగింది. ఎర్ర గీత మాత్రం నేరుగా ముందుకి పోతోంది. ఎదురుగా ఒక గట్టు, గట్టులో బండి పట్టేంత గండి, దానికి అవతల నడుమెత్తు కంది. మొక్కల మధ్య రెండు పాత చక్రాల జాడలు లీలగా కనిపిస్తున్నాయి.

క్లబ్‌లో ఇంకో రూల్ ఉంది. దారి మీద డౌట్ వస్తే దిగి నడిచి చూడాలి. నేను దిగలేదు. ఫోన్ 4 మీటర్ల యాక్యురసీ చూపిస్తోంది, ఐదు స్టార్ల రూట్, పాత జాడలు కూడా ఉన్నాయి. ఇంకేం కావాలి అనుకుని 4ఎల్ వేసి గట్టు ఎక్కించా. గట్టు ఒక పక్క విరిగింది. పది, పన్నెండు మీటర్లు వెళ్లానో లేదో, నాలుగు రోజుల కింద పడ్డ వానకి లోపల ఇంకా తడిగా ఉన్న నల్లరేగడి జిమ్నీని పట్టేసింది.

"అందరూ ఆగండి. ఎవరూ ముందుకి రావద్దు. తమ్ముడూ, రేజ్ చేయకు, ఇంకా దిగుతుంది" అని వాకీటాకీలో అన్న గొంతు.

కంగారులో దిగుతుంటే ఫోన్ చేతిలోంచి జారి బురదలో పడింది. ఐపీ68 కదా, ఏం కాలేదు. కానీ తుడిచి కేబుల్ పెడితే పోర్ట్‌లో తడి ఉందని ఛార్జింగ్ తీసుకోలేదు. ఐపీ రేటింగ్ టెస్టులు ల్యాబ్‌లో మంచినీళ్లతో చేస్తారు, పోర్ట్‌లో ఇరుక్కున్న బురద సంగతి అందులో ఉండదు. ఇంకో జిమ్నీలో ఉన్న వైర్‌లెస్ పవర్ బ్యాంక్ ఆ రోజు పని నడిపించింది.

"మరి ఆ గీత తీసెయ్ రాదు?"

ఈలోపు పక్క చేనులోంచి ఒక పెద్దాయన వచ్చాడు. అరుస్తాడనుకున్నా. అరవలేదు. మొక్కల దిక్కు చూసి, నా దిక్కు చూసి, "ఏం సార్, ఇది బాట అనుకున్నరా?" అన్నాడు.

ఏం చెప్పాలో తెలియక ఫోన్ చూపించా. "పెద్దయ్యా, మ్యాప్‌లో దారి ఇటే చూపించింది."

ఆయన స్క్రీన్‌ని కళ్లు చిన్నవి చేసుకుని చూశాడు. "ఎండకాలంల ఇడిసిపెట్టిన చేను ఇది. అప్పుడు ఎవలో బండ్లేసుకొని పోయిండ్రు. నేనేం అనలే. ఇప్పుడు పంట ఉన్నది గదా. వానలు పడ్డంక మీరు మూడోసారి."

మూడోసారి! ఆ పాత చక్రాల జాడలు దారి గుర్తులు కావు. నాకంటే ముందు అదే ఫైల్ నమ్మి వచ్చినవాళ్లవి.

అన్న వచ్చి ముందు ఆయనకి దండం పెట్టాడు, తర్వాత పని మొదలుపెట్టాడు. గూర్ఖాని గట్టు ఇవతలే ఉంచి, సాగే కైనెటిక్ రోప్‌ని సాఫ్ట్ షాకిల్‌తో జిమ్నీ వెనక రికవరీ పాయింట్‌కి కట్టారు. చూడ్డానికొచ్చిన పిల్లల్ని రోప్ పొడవుకి రెట్టింపు దూరం పంపించేశారు. రోప్ తెగినా హుక్ ఊడినా అది బుల్లెట్‌లా వస్తుంది, మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. టో బాల్‌కి రోప్ ఎప్పుడూ కట్టకండి. ఆ లోడ్‌కి అది చేసింది కాదు. బండిని వచ్చిన జాడల్లోనే వెనక్కి లాగారు, ఒక్క మొక్క కూడా అదనంగా పోకుండా.

తర్వాత గంటసేపు పారలతో గట్టు పోశాం. ల్యాప్‌టాప్ చేతులు, అందరికీ బొబ్బలు. నేను 3,000 ఇస్తే పెద్దాయన నలిగిన సాళ్లు లెక్క చూసుకుని వెయ్యి వెనక్కిచ్చాడు. "పైసలు గాదు సార్. మీ ఫోన్ల ఇదే బాట అని ఉన్నది గదా. మరి ఆ గీత తీసెయ్ రాదు?" అన్నాడు.

నా ఉద్యోగంలో ఇంత క్లియర్ బగ్ రిపోర్ట్ నాకెవరూ ఇవ్వలేదు.

ఇంటికొచ్చి ఫైల్ తెరిస్తే

జీపీఎక్స్ అంటే మామూలు టెక్స్ట్ ఫైల్. ప్రతి పాయింట్‌కీ అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, టైమ్ ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా కనిపిస్తాయి. ఆ రాత్రి తెరిచా. మొదటి పాయింట్ టైమ్‌స్టాంప్: ఏప్రిల్. ముందు రోజు పది సెకన్లు చూసి ఉంటే సరిపోయేది. రోజూ లాగ్స్‌లో టైమ్ చూసే పని చేసే నేను ఇది చూడలేదు.

ఇంకోటి కూడా చెక్ చేశా. యూరప్ వాళ్ల సెంటినెల్-2 శాటిలైట్లు ఒకే చోటిని దాదాపు ఐదు రోజులకోసారి ఫొటో తీస్తాయి, 10 మీటర్ల రిజల్యూషన్‌తో. కోపర్నికస్ బ్రౌజర్‌లో ఎవరైనా ఫ్రీగా చూడొచ్చు. అదే చోటు ఏప్రిల్ ఫొటోలో మట్టి రంగు, సెప్టెంబర్ చివరి ఫొటోలో పచ్చ రంగు. వానాకాలంలో మబ్బులు అడ్డొస్తాయి, అయినా ఒకటో రెండో క్లియర్ ఫొటోలు దొరుకుతాయి.

తాండూరు కందిపప్పు పేరు మీరు వినే ఉంటారు. 2022లో తాండూరు కందికి జీఐ ట్యాగ్ వచ్చింది. జూన్, జూలైలో వేసిన కంది కోతకొచ్చేది చలికాలంలో. అంటే వానాకాలం మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాకా ఆ ఏప్రిల్ గీత తప్పు. ఎండాకాలంలో మళ్లీ "కరెక్ట్" అయిపోతుంది. జీపీఎస్ తప్పు లేదు, యాప్ తప్పు లేదు. ఒకప్పుడు ఎవరో అటు వెళ్లారని ఫైల్ చెప్పింది. ఇప్పుడు వెళ్లొచ్చని నేను అనుకున్నా.

ఆ రూట్ అప్‌లోడ్ చేసింది నేను కాదు, కాబట్టి తీసేయలేను. ఫొటోలతో రిపోర్ట్ కొట్టా, కింద కామెంట్ రాశా, ఒక స్టార్ ఇచ్చా. రెండు వారాలైంది, గీత ఇంకా అక్కడే ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ని ఎవరైనా ఎడిట్ చేయొచ్చు కాబట్టి ఆ చోటుని సాగుభూమిగా మార్క్ చేశా. పెద్దాయన చూపించిన అసలు బండ్ల బాట నా దగ్గర రికార్డ్ అయి ఉంది. దాన్ని ఎక్కడా అప్‌లోడ్ చేయలేదు. అది ఊరివాళ్ల బాట. నేను పెడితే వచ్చే వారం అక్కడికి ఇరవై బండ్లు రావచ్చు. ఊరి పేరు రాయకపోవడానికి కారణం కూడా ఇదే.

మీరు వెళ్తుంటే

- మ్యాప్‌లు ముందు రోజు వైఫైలోనే దించుకోండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి ఒకసారి తెరిచి చూడండి.
- వేరేవాళ్ల జీపీఎక్స్ వాడితే రికార్డ్ చేసిన నెల చూడండి. సీజన్ మారితే ఆ రూట్‌ని కొత్త రూట్‌గానే అనుకోండి.
- గీత బాటని వదిలి పోతుంటే బండి ఆపి దిగండి. దగ్గర్లో మనిషి కనిపిస్తే అడగండి.
- మీ లొకేషన్ నంబర్లు పేపర్ మీద రాసుకోండి. సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే 112కి కాల్ వెళ్లే అవకాశం ఉంది.
- ఒంటరిగా ఒక్క బండితో వెళ్లకండి. రికవరీ రోప్ కంటే రెండో బండి ముఖ్యం.
- అప్‌లోడ్ బటన్ నొక్కే ముందు ఆ దారి ఎవరి భూమి మీద నుంచి పోతుందో ఒకసారి ఆలోచించండి.

ఖర్చు విషయంలో నా సలహా: 60 వేల ఫోన్ అక్కర్లేదు. డ్యుయల్ ఫ్రీక్వెన్సీ ఉన్న మిడ్‌రేంజ్ ఫోన్, ఒక వైర్‌లెస్ పవర్ బ్యాంక్, బ్యాటరీకి క్లిప్ పెట్టే కంప్రెసర్ చాలు. ఇంకా డబ్బులు మిగిలితే ఒక మంచి పార కొనండి. మా ఆరు బండ్లలో పారలు రెండే ఉన్నాయి, మిగతా రెండూ పెద్దాయనే ఇచ్చాడు.

డిసెంబర్‌లో కంది కోతప్పుడు రమ్మన్నాడు. బండి ఊరి బయటే పెట్టి నడిచి వెళ్తా.